దించని మూడో నంబరు

మధ్యాహ్నం గాలికి నాలుగో తరగతి కిటికీ రెక్క
ధడేలుమంది.
అంతే.
బెంచీ మీద నూకరత్నం లేదు.
బెంచీ కింద ఉంది,
మోకాళ్ళు గెడ్డానికి ఆనించుకుని,
కళ్ళు తెరిచే ఉన్నా నన్ను చూడకుండా.
పుస్తకంలో ఏడో ఎక్కం సగంలో ఆగింది.
ఏడు ఆర్లు దగ్గర
పెన్సిలు ముక్కు విరిగింది.

పిల్లలు నవ్వలేదు.
పెదజాలారిపేట పిల్లలు,
ఏ ఇంటి పడవ రాలేదో వీళ్ళకి తెలుసు.
గురుమూర్తి ఒక్కడే నా చెవి దగ్గరకొచ్చి
"రత్నానికి పిచ్చెక్కీసిందా మేడమ్?" అన్నాడు.

కాదురా, అని
నేనూ కింద కూర్చున్నాను,
చీరంతా సుద్దపొడి అంటుతుంటే.
మూడు రోజుల ట్రైనింగులో
టీ ఇచ్చారు, బిస్కెట్లిచ్చారు, ఒక ఫైలిచ్చారు.
ఆ ఫైల్లో సముద్రం లేదు.

"తుపానొచ్చే ముందు హార్బర్లో ఏం చేస్తారు?"

చాలాసేపటికి బెంచీ కింద నుంచి:
"మూడో నంబరు ఎక్కిస్తారు."

"ఎక్కించేవాడొకడు ఉంటాడు కదా,
నీ తలలోనూ ఉన్నాడు.
జీడిపిక్కంత గదిలో కూర్చుని
రేయింబవళ్ళు నీటికేసే చూస్తుంటాడు.
రేకు ఎగిరిపోయిన ఆ రాత్రి,
ఎవరో తలుపుకొట్టి మీ అయ్య పేరు చెప్పిన రాత్రి
వాడే నంబరెక్కించాడు.
గుండెని గట్టిగా కొట్టుకోమన్నాడు,
కాళ్ళని పరుగుకి సిద్ధంగా ఉండమన్నాడు,
పొట్టని మాత్రం అన్నం అడగొద్దన్నాడు,
ఇప్పుడు తీరిక లేదని.
మంచివాడే. నిన్ను కాయడానికే.
తుపాను పోయింది గానీ
వాడికి నమ్మకం కుదరలేదు.
కిటికీ కొట్టుకున్నా, పక్కింటి కుక్కరు కూసినా
అదిగో మళ్ళీ, అదిగో మళ్ళీ అంటున్నాడు."

"మరి ఆడ్ని తిట్టాలా?"

"తిడితే ఇంకా బెదురుతాడు.
పక్కన కూర్చుని చూపించాలి.
ఇది కిటికీ రెక్క. ఇది గాలి.
ఇది నేల, చల్లగా ఉంది, అరికాలు ఆనించి చూడు.
కెరటం వెనక్కి పోయేంతసేపు
ఊపిరి వదులు."

వదిలింది. మధ్యలో తెగింది.
మళ్ళీ వదిలింది.

"నిన్న పుల్లైసు తిని నవ్వీసాను మేడమ్.
తరవాత భయమేసింది."
గౌను అంచు దారం లాగుతూ
ఇంకా మెల్లగా అడిగింది,
"మా అయ్య ఎప్పుడొస్తాడో ఆడికి తెలుస్తాదా?"

డాల్ఫిన్స్ నోస్ మీద దీపం గురించి
అందమైన అబద్ధమొకటి నోటిదాకా వచ్చింది.
మింగేశాను.
"రాడమ్మా. చచ్చిపోయాడు.
ఏడుపొస్తే ఏడు.
పుల్లైసు తింటే నవ్వొస్తుంది, నవ్వు.
నువ్వు నవ్వినందుకు ఏ తుపానూ రాదు."

అప్పుడు ఏడ్చింది.
లోపలెక్కడో లంగరు తాడు జారినట్టు, బొంగురుగా.
నేను గోడగడియారం వంక చూడలేదు.
లెక్కల పీరియడు అలాగే పోయింది.

ముక్కు తుడుచుకుంటూ నన్నడిగింది:
"మీరు దించీసారా, మేడమ్, మీ నంబరు?"

పిల్లలకి ఎలా తెలుస్తాయో ఇవి.
రాత్రి పదకొండు దాటి ఫోను మోగితే
నా చేతులు ఇప్పటికీ
కేజీహెచ్ వరండాలోనే ఉంటాయి.
"లేదు" అన్నాను.
"కొన్నాళ్ళు దించుతాను. మళ్ళీ ఎక్కిపోతుంది."

తలూపింది, పెద్దమనిషిలా.
పైకొచ్చి కాగితం మడతపెట్టి
కిటికీ సందులో కుక్కింది.
గురుమూర్తి పెన్సిలు అడగకుండానే తీసుకుని
ఏడు ఆర్లు నలభై రెండు రాసి,
దాని కింద ఒక స్తంభం, స్తంభం పక్కన ఒక మనిషి,
మనిషి వెనకాల
ఒక కుర్చీ గీసింది.
"అప్పట్నుంచీ నిలబడే ఉన్నాడు కదా పాపం."

మర్నాడు పక్కింటి కుక్కరు కూసింది.
రత్నం మళ్ళీ బెంచీ కిందకే పోయింది.
ఈసారి వెనకాలే గురుమూర్తి కూడా దూరి
బుగ్గలు పొంగించి, తుంపర్లు పడేలా,
అంతా తప్పుగా
కెరటం వదలడం మొదలుపెట్టాడు.